సున్నంతో కట్టిన చారిత్రక కట్టడాన్ని కాపాడే పని: మొదటి నుంచి చివరిదాకా ఎలా చెయ్యాలి

కన్జర్వేషన్ పని గురించి అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు, ముఖ్యంగా సివిల్, ఆర్కిటెక్చర్ చదివిన పిల్లలు, ఇంకా ఊళ్లో పాత గుడో గడీయో మసీదో చూసుకుంటున్న కమిటీ వాళ్లు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే, "ఏ మెటీరియల్ వాడాలండీ?" అని. దానికి జవాబు ఈ గైడ్‌లో సగం దాటాక గానీ రాదు, ఎందుకంటే పనిలో కూడా అది అప్పుడే వస్తుంది. అంతకంటే ముందు కట్టడంలోకి నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో, ఎటు పోతున్నాయో తెలియాలి. అది తేల్చకుండా ఎంత మంచి సున్నం పెట్టినా రెండు మూడు వానాకాలాలు తిరిగేసరికి మళ్లీ పెచ్చులూడుతుంది, జనం మాత్రం "సున్నం పనికిరాదు, సిమెంటే గట్టిది" అని తేల్చేస్తారు.

నేను ఎక్కువగా చెప్పేది హైదరాబాద్ వైపు రాయీ సున్నం కలిపి కట్టిన వాటి గురించి: 1591 నాటి చార్మినార్, ఇబ్రహీంబాగ్‌లో 106 ఎకరాల్లో ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు, అవి కట్టిన పద్ధతిలోనే ఉన్న ఊరూరి మసీదులు, గడీలు, బావులు. రాతి గుళ్లకి కొంత వేరే లెక్క ఉంటుంది, అవసరమైన చోట అదీ చెప్తాను.

1. ముందు అది ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి

చార్మినార్, గోల్కొండ కోట లాంటివి కేంద్రం రక్షణలో, అంటే ఏఎస్ఐ (భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ) కింద ఉన్నాయి. కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర హెరిటేజ్ శాఖ కింద ఉన్నాయి. ఇవి కాక ఏ లిస్టులోనూ లేని కట్టడాలు వందల్లో ఉంటాయి, వాటిని దేవాదాయ శాఖో, వక్ఫ్ బోర్డో, ట్రస్టో, వారసులో చూసుకుంటుంటారు. కేంద్ర రక్షిత కట్టడం అయితే 1958 నాటి చట్టం వర్తిస్తుంది, 2010 సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లు పర్మిషన్‌తోనే. కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. భక్తితో రంగు వేశాం, మంచికే గ్రిల్ బిగించాం అంటే చట్టం ఒప్పుకోదు.

కాబట్టి అనుమతి రాతపూర్వకంగా ఉండాలి, ఏ గోడ మీద ఏ పని అన్నది కూడా అందులో ఉండాలి. ఈ స్టెప్ బోరింగ్‌గా ఉంటుంది, అయినా ఇది పూర్తి కాకుండా పరంజా కట్టొద్దు.

2. చూడటం, కొలవడం, రాసుకోవడం

చాలామంది దీన్ని ఫార్మాలిటీ అనుకుని రెండు రోజుల్లో ఫొటోలు తీసేసి ముగిస్తారు. నా లెక్కలో మొత్తం పనిలో ఎక్కువ తెలివి ఖర్చయ్యేది ఇక్కడే.

ప్రతి గోడకీ ఒక పేరు పెట్టుకోండి. దిక్కు, ఎన్నో కమాను, కింద నుంచి ఎంత ఎత్తు, ఇవి మూడూ ఉంటే చాలు. ప్రతి ఫొటోలో స్కేల్ ఉండాలి, ప్రతి ఫొటో మళ్లీ అదే చోట నిలబడి తియ్యగలిగేలా ఉండాలి, ఎందుకంటే మూడేళ్ల తర్వాత వచ్చేవాళ్లు పోల్చి చూడాల్సింది దాన్నే. ఇబ్రహీంబాగ్‌లో త్రీడీ లేజర్ స్కానింగ్ చేసి డ్రాయింగులు తయారు చేశారు, అంత బడ్జెట్ మనకి ఉండదు అనుకోండి, టేపు, గుండుదారం, మట్టం, మంచి ఫోన్ కెమెరా ఉంటే చిన్న కట్టడానికి సరిపోయే డ్రాయింగ్ వచ్చేస్తుంది. డ్రాయింగ్ మీద ఒక్కో జబ్బుకీ ఒక్కో రంగు: పగులు ఎరుపు, చెమ్మ నీలం, బోలు పడిన గచ్చు (గోడ మీది సున్నపు పూత) పసుపు, సిమెంట్ ప్యాచ్ బూడిద రంగు, మొక్కలు ఆకుపచ్చ. రంగులన్నీ నిండాక కాస్త దూరంగా పెట్టి చూడండి, నీలం దగ్గరే పసుపూ ఎరుపూ గుమిగూడి కనిపిస్తాయి.

పగులు కనిపించగానే పూడ్చొద్దు. అది కదులుతోందా, నిద్రపోతోందా అన్నది ముందు తెలియాలి. పగులుకి అడ్డంగా సన్నటి గాజు పట్టీ పెట్టి రెండు చివర్లా అంటించి, పక్కనే తేదీ రాయండి. గాజు పగిలితే పగులు కదులుతున్నట్టు. కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడాలి, ఎందుకంటే గోడ వేడికి సాగి చలికి ముడుచుకోవడం వల్ల కదిలే పగులు వేరు, పునాది కుంగి వచ్చే పగులు వేరు. రెండో రకం అయితే స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చేదాకా మనం చేతులు కట్టుకోవాల్సిందే.

పాత ఫొటోలు వెతకండి. హైదరాబాద్ కట్టడాలకి మన అదృష్టం ఏంటంటే రాజా దీన్‌దయాళ్ లాంటి ఫొటోగ్రాఫర్ 19వ శతాబ్దం చివర్లోనే ఇక్కడ పనిచేశాడు. పిట్టగోడ ఎలా ఉండేది, చుట్టూ నేల మట్టం ఎంత ఉండేది, ఏ అలంకారం అప్పటికే పోయింది, ఇవి పాత ఫొటోల్లో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియవు. ఒక జాగ్రత్త, ఆ ఫొటోకి ముందే కూడా రిపేర్లు జరిగి ఉండొచ్చు, ఫొటోలో ఉన్నదల్లా అసలుదే అనుకోవద్దు.

రాతి కట్టడం అయితే ఈ స్టెప్ ఇంకా కఠినం. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించగలిగారంటే, వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి మళ్లీ కట్టి 2024లో తెరవగలిగారంటే దానికి ఆధారం రాయి రాయికీ వేసిన నంబరే. నంబరు చెరిగితే ఆ రాయి అనాథ అయిపోతుంది, ఏ వరసలో ఎటు తిరిగి ఉండేదో ఎవరూ చెప్పలేరు. అందుకే నంబరు రాయి మీద కనిపించని ముఖం మీద ఒకటి, డ్రాయింగ్‌లో ఒకటి, ఫొటోలో ఒకటి, మూడు చోట్లా ఉండాలి.

3. నీళ్ల దారి పట్టుకోండి

వాన పడుతున్నప్పుడు కట్టడం దగ్గర ఉండండి. గొడుగు వేసుకుని, ఫోన్‌లో వీడియో తీస్తూ చుట్టూ తిరగండి. ఎండలో వారం రోజులు చూసినా అర్థం కానిది గంట వానలో అర్థమైపోతుంది: ఏ తూము నుంచి నీళ్లు దూరంగా దూకుతున్నాయి, ఏ తూము మూసుకుపోయి గోడ వెంబడి కారుతోంది, పైకప్పు మీద ఎక్కడ మడుగు కడుతోంది, కింద నేల కట్టడం వైపు వాలిందా బయటికి వాలిందా.

పై నుంచి కిందికి చూసుకుంటూ రండి. ముందు పైకప్పు, గుమ్మటం. సున్నపు డాబా మీద సన్న పగుళ్లు, పిట్టగోడ కలిసే మూల, ఇవి రెండే లీకేజీకి పెద్ద దారులు. మక్కా మసీదులో కూడా పెద్ద తలనొప్పి అయింది పైకప్పు లీకేజీయే. డాబా మీద లీకైనప్పుడల్లా ఇంకో పొర, ఇంకో పొర వేసుకుంటూ పోయిన కట్టడాలు మీకు చాలా కనిపిస్తాయి, లీకేజీ ఆగదు సరికదా ఆ బరువంతా కింద కమాన్ల మీద పడుతుంది. కొత్త పొర వేసే ముందు పాతవి ఎన్ని ఉన్నాయో చిన్న గుంట తవ్వి చూడాలి.

తర్వాత తూములు. పావురాల రెట్ట, ఎండుటాకులు, పాలిథీన్ కవర్లు, ఈ మూడూ కలిస్తే తూము మూసుకుపోవడానికి ఒక్క సీజన్ చాలు. ఖర్చు లేని పని కదా అని ఎవరూ పట్టించుకోరు గానీ తూము శుభ్రం చెయ్యడం వల్ల బతికిన గోడలు, ఖరీదైన కెమికల్స్ వల్ల బతికిన వాటికంటే ఎక్కువ అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ తర్వాత గోడ అడుగు. ఇక్కడ మోసం ఎక్కువ. నేలలో చెమ్మ గోడలోకి పైకి ఎక్కుతుంది, దానితోపాటు ఉప్పు ఎక్కుతుంది, గోడ ఆరినప్పుడు నీళ్లు పోతాయి ఉప్పు మిగులుతుంది, అది గచ్చు లోపల స్ఫటికం కట్టి ఉబ్బి గచ్చుని లోపలి నుంచి నెట్టేస్తుంది. మోకాలి ఎత్తునో నడుం ఎత్తునో తెల్లటి బూజులాంటి గీత కనిపిస్తే అదే. ఇప్పుడు చుట్టూ చూడండి. రోడ్డు వేసిన ప్రతిసారీ ఇంత ఇంత లేచి కట్టడం గుంటలో పడిందా? పార్కింగ్ కోసం గోడ దాకా సిమెంట్ చేశారా? అలా చేస్తే నేలలో చెమ్మకి బయటికి పోయే దారి గోడ ఒక్కటే మిగులుతుంది. పూలమొక్కలకి పెట్టిన స్ప్రింక్లర్ గోడని రోజూ తడుపుతోందా? చేతులు కడుక్కునే కుళాయి పైపు లీకవుతోందా? మాయిశ్చర్ మీటర్ ఉంటే వాడండి కానీ ఉప్పు ఉన్న గోడ మీద అది ఎక్కువ చెమ్మ చూపిస్తుంది, దాని అంకె ఒక్కటే పట్టుకుని నిర్ణయం తీసుకోవద్దు.

నీళ్లు ఏం చెయ్యగలవో చూడాలంటే ఇబ్రహీంబాగ్‌లోని బడీ బావోలీ అనే పాత మెట్ల బావి చాలు. 2013 భారీ వానల్లో దాని పడమటి వైపు కూలిపోయింది. తర్వాత పడిన రాళ్లని బావిలోంచి తీసి పాత డాక్యుమెంటేషన్ ఆధారంగా మళ్లీ నిలబెట్టారు, ఇప్పుడు అందులో వాన నీళ్లు నిలుస్తున్నాయి, తోటకి వాడుతున్నారు. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది.

నీళ్ల సమస్యలు అన్నీ సరిచేసి కనీసం ఒక సీజన్ గోడని ఆరనివ్వండి. ఒక్కోసారి అక్కడితోనే సగం పని అయిపోతుంది.

4. తట్టి వినండి

గచ్చు పైకి బాగానే కనిపిస్తూ లోపల గోడని వదిలేసి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి చేతి వేళ్ల కణుపులు, లేదా చిన్న చెక్క సుత్తి చాలు. పరంజా ఎక్కి, గోడకి చెవి దగ్గరగా పెట్టి, జానెడు జానెడు దూరంలో మెల్లగా తట్టుకుంటూ పోండి. గట్టిగా అంటుకున్న చోట శబ్దం పొట్టిగా, ఎత్తుగా వస్తుంది. వదిలేసిన చోట డబడబమని బోలుగా వస్తుంది, అరచెయ్యి పెట్టి తడితే కొద్దిగా కంపించడం కూడా తెలుస్తుంది. బోలు హద్దుని సుద్దముక్కతో గీసి డ్రాయింగ్‌లోకి ఎక్కించండి. ట్రాఫిక్ తక్కువ ఉండే పొద్దున్నే చేస్తే మంచిది, చార్మినార్ లాంటి చోట పది దాటితే మీకు మీ సుత్తి శబ్దమే వినపడదు.

2019 మే నెలలో చార్మినార్ మినార్ మీది గచ్చు అలంకారంలో పెద్ద ముక్క ఊడి కింద పడింది. సుమారు 56 మీటర్ల ఎత్తున్న మినార్లు, కింద ఎప్పుడూ జనం. బోలు గచ్చు అంటే అందం సమస్య మాత్రమే కాదని, అది నెత్తిన పడే సమస్య అని అందరికీ గుర్తుండిపోయిన రోజు అది. కాబట్టి తట్టి చూడటం అనేది ఒకసారి చేసి వదిలేసేది కాదు, ఎత్తులో ఉన్న ప్రతి అలంకారానికీ ఏటా చెయ్యాలి.

బోలు ఉన్నంత మాత్రాన ఊడగొట్టాల్సిన పని లేదు. పాత గచ్చుని నిలబెట్టగలిగితే నిలబెట్టడమే మన పని. చిన్న రంధ్రం చేసి, లోపలి దుమ్ముని ముందు కొంచెం ఆల్కహాల్ కలిపిన నీళ్లతో కడిగి, పల్చటి సున్నపు గ్రౌట్‌ని (ఖాళీల్లోకి ఎక్కించే జారు మిశ్రమాన్ని) సిరంజితో కింది రంధ్రం నుంచి పైకి ఎక్కిస్తూ రావాలి. పై రంధ్రంలోంచి గ్రౌట్ బయటికి కనపడితే ఆ జేబు నిండినట్టు. తర్వాత మెత్తటి గుడ్డ చుట్టిన చెక్కతో ఆనించి, గ్రౌట్ పట్టు దొరికేదాకా అలాగే ఉంచాలి. తొందరపడి ఎక్కువ ప్రెషర్ పెడితే గచ్చు మొత్తం ఉబ్బి చేతిలోకి వచ్చేస్తుంది.

5. పాత సున్నంలో ఏముందో తెలుసుకోండి

ఇప్పుడు వచ్చాం మెటీరియల్ దగ్గరికి. ఎక్కడో ఊడిపోయిన పాత గచ్చు ముక్క తీసుకోండి, గోడ మీది బాగున్న గచ్చుని మాత్రం పగలగొట్టొద్దు. మెత్తగా నలిపి, తూచి, పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వెయ్యండి, గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, గాలి ఆడే చోట చెయ్యాలి. సున్నం బుసబుస పొంగుతూ కరిగిపోతుంది. మిగిలింది కడిగి ఆరబెట్టి జల్లెడ పడితే ఇసుక ఎంత, ఏ సైజు, ఏ రంగు, ఇటుక పొడి కలిపారా, జనపనార లాంటిది ఏమైనా ఉందా అన్నీ కనిపిస్తాయి. ఎర్రగా ఉండేది సుర్ఖీ, అంటే ఇటుక పొడి.

ఇందులో ఒక మెలిక ఉంది. చార్మినార్ గచ్చులో పాలరాతి పొడి కూడా వాడారని చెప్తారు. పాలరాయి కూడా యాసిడ్‌లో సున్నంలాగే కరిగిపోతుంది కాబట్టి ఈ టెస్ట్ ఒక్కటే చేస్తే సున్నం పాలు అసలు కంటే ఎక్కువ లెక్కకి వస్తుంది, ఆ లెక్కతో కలిపితే మిశ్రమం మరీ కొవ్వుగా తయారై ఆరేటప్పుడు పగుళ్లు ఇస్తుంది. అందుకే నున్నటి పై పొర నుంచి ఒక శాంపిల్, లోపలి గరుకు పొర నుంచి ఒక శాంపిల్ వేరువేరుగా తియ్యాలి, వీలైతే ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద కూడా చూపించాలి.

6. సిమెంట్ ప్యాచులు తియ్యడం

20వ శతాబ్దంలో మన కట్టడాలకి జరిగిన అన్యాయం అంతా మంచి ఉద్దేశంతోనే జరిగింది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పనిలో పెద్ద భాగం గుమ్మటాల మీదా గోడల మీదా వెనకటి తరాలు వేసిన సిమెంట్‌ని తీసి సున్నం పెట్టడమే.

సిమెంట్ ఎందుకు వద్దంటే, అది సున్నం కంటే చాలా బిగువు. పాత గోడ ఎండకీ చలికీ కొద్దికొద్దిగా కదులుతుంది, సున్నం దానితో పాటు కదులుతుంది, సిమెంట్ కదలదు, కాబట్టి అంచుల్లో చీలుతుంది. చీలికలోంచి నీళ్లు పోతాయి, కానీ సిమెంట్ చెమ్మని బయటికి వదలదు, లోపలే నిలిచి పక్కనున్న మంచి గచ్చులోంచి బయటికి వస్తుంది. అంటే ప్యాచ్ బాగుంటుంది, దాని చుట్టూ ఉన్న నాలుగు వందల ఏళ్ల గచ్చు పోతుంది. పైగా సిమెంట్‌లో ఉండే ఉప్పులు అదనం.

తీసేటప్పుడు బ్రేకర్ మెషీన్ వద్దు. సన్న ఉలి, చిన్న సుత్తి, ప్యాచ్ మధ్యలో మొదలుపెట్టి అంచు వైపు రావాలి, అంచు దగ్గరికి వచ్చాక ఉలిని పాత గచ్చు వైపు కాకుండా ప్యాచ్ వైపే వాల్చి కొట్టాలి. సిమెంట్ లోపలి రాయిని గట్టిగా పట్టుకుని ఉంటే, దాన్ని తీస్తే రాయి పెచ్చు కూడా వచ్చేలా ఉంటే అక్కడ ఆగండి. తియ్యడం వల్ల నష్టం ఉంచడం కంటే ఎక్కువ అయితే ఉంచేసి, అలా ఎందుకు ఉంచామో రాసి పెట్టాలి.

7. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నపు మిశ్రమం) తయారు చెయ్యడం

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడి సున్నం, అంటే ఇంకా నీళ్లు తగలని సున్నం గడ్డలు, మిగులుతుంది. మన దగ్గర పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీలు ఎప్పటి నుంచో పేరున్నవి. తెచ్చిన సున్నం తాజాగా ఉండాలి, సంచిలో నిల్వ ఉండి గాలికి పొడి అయిపోయినది వద్దు, గడ్డలుగా ఉన్నదే కావాలి.

తొట్టిలో ముందు నీళ్లు పోసి, అందులో సున్నం గడ్డలు కొద్దికొద్దిగా వెయ్యాలి. సున్నం కుప్ప మీద నీళ్లు కుమ్మరించడం ప్రమాదం, ఒక్కసారిగా ఉడికి ఎగిరి కళ్లలో పడుతుంది. కళ్లద్దాలు లేకుండా తొట్టి దగ్గరికి ఎవరినీ రానివ్వొద్దు, పక్కనే కళ్లు కడుక్కోవడానికి మంచినీళ్ల బకెట్ ఉండాలి, పిల్లల్ని అసలు దరిదాపుల్లోకి రానివ్వొద్దు. ఉడకడం ఆగాక జల్లెడ పట్టి, ఉడకని రాళ్లు తీసేసి, పైన ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండేలా తొట్టిలో నిల్వ పెట్టాలి. ఎన్ని రోజులు అంటే, కనీసం కొన్ని వారాలు, నెలలు ఉంచగలిగితే ఇంకా మంచిది. బాగా మాగిన సున్నం తాపీ మీద గడ్డ పెరుగులా నిలబడుతుంది, జారదు.

తర్వాత గానుగ. ఒకప్పుడు గుండ్రటి కాలవలో రాతి చక్రం, ఎద్దు లాగేది, ఇప్పుడు మోటార్ గానుగలు ఉన్నాయి. సున్నం, ఇసుక, సుర్ఖీ కలిపి తక్కువ నీళ్లతో బాగా నలగ్గొట్టాలి. మామూలుగా ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్ల ఇసుకా సుర్ఖీ కలిపి పడతాయి, కానీ మీ కొలత పాత శాంపిల్ చెప్పిందే కావాలి. ఇసుకని నీళ్లలో కడిగి వాడండి, మన్ను ఉన్న ఇసుక సున్నాన్ని పట్టనివ్వదు.

ఇక అందరూ ఇష్టంగా అడిగే భాగం, బెల్లం, కరక్కాయ, మారేడు గుజ్జు, మినప్పప్పు, గుడ్డు సొన. ఇవన్నీ నిజంగా వాడారు, ఉత్త కథలు కావు. బెల్లం వేస్తే తక్కువ నీళ్లతోనే మిశ్రమం జారుగా వస్తుంది, మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి మేస్త్రికి నగిషీ చెక్కడానికి టైం దొరుకుతుంది. మినప్పప్పు, మారేడు జిగురు పట్టు పెంచుతాయి. కరక్కాయ, బెల్లం కలిపి కొన్ని రోజులు నానబెట్టి పులిసిన నీళ్లని వడగట్టి వాడే పద్ధతి దక్షిణాదిలో చాలా చోట్ల ఉంది. కానీ ఎక్కువైతే బూజు పడుతుంది, చీమలు చేరతాయి, గచ్చు గట్టిపడదు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: అనుభవం ఉన్న సున్నపు మేస్త్రి పక్కన లేకపోతే ఏమీ కలపకుండా ఉత్త సున్నం, ఇసుకతో చేసిన పని బెల్లం కొలత తెలియకుండా చేసిన పని కంటే ఎక్కువ రోజులు ఉంటుంది.

ఏ మిశ్రమం అయినా ముందు శాంపిల్ పలకల మీద వేసి చూడాలి, అదీ అదే సైట్‌లో, అదే ఎండలో, కనీసం నెల రోజులు. రంగు ఆరాక గానీ తెలియదు, తడిగా ఉన్నప్పుడు చూసి ఓకే అనొద్దు.

8. గచ్చు పెట్టడం, ఆరబెట్టడం

టైం చూసుకోండి. హైదరాబాద్‌లో అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే ఎండల్లో పెడితే సాయంత్రానికే పైన ఎండిపోయి లోపల పిండిలా ఉండిపోతుంది, ముసురులో పెడితే అసలు ఆరదు.

గోడని ముందు రోజు నుంచే తడపాలి, కానీ పెట్టే సమయానికి పైన నీళ్లు మెరవకూడదు. ఒక్కో పొర 10–12 మిల్లీమీటర్లు దాటొద్దు, లోతు ఎక్కువ ఉంటే పొరలు పెంచండి, మధ్యలో చిన్న ఇటుక ముక్కలు కూరండి. ప్రతి పొరనీ చెక్కతో తడుతూ నొక్కాలి, ఇది మేస్త్రులకి బాగా తెలుసు, కాంట్రాక్టర్లకి మాత్రం టైం వేస్ట్‌లా కనిపిస్తుంది. ఆరేటప్పుడు వచ్చే సన్న పగుళ్లు అలా నొక్కితేనే మూసుకుంటాయి. ఆఖరి పొర పల్చగా, మెత్తటి సున్నంతో, నున్నటి రాయితో రుద్ది మెరుగు పెట్టాలి.

తర్వాత తడి గోనె పట్టాలు వేలాడదీసి రెండు మూడు వారాలు చెమ్మ ఉంచాలి. సున్నం గట్టిపడేది గాలిలో బొగ్గుపులుసు వాయువుని మళ్లీ పీల్చుకుని, అది జరగాలంటే లోపల కొంచెం తడి ఉండాలి. లోపల దాకా గట్టిపడిందో లేదో చూడాలంటే శాంపిల్ పలకని విరిచి ఫినాఫ్తలీన్ చుక్కలు వెయ్యండి, గులాబీ రంగు వస్తే అక్కడ ఇంకా పచ్చి సున్నమే, రంగు రాకపోతే రాయి అయిపోయినట్టు. అంచులు తెల్లగా మధ్యలో గులాబీ ఉండటం మామూలే, నెలలు పడుతుంది.

అలంకారం విషయంలో ఒక గట్టి గీత గీసుకోవాలి. వరసగా పది పూల రేకులు ఉండి మధ్యలో ఒకటి పోతే, మిగతా వాటి నుంచి అచ్చు తీసి కొత్తది చెయ్యొచ్చు, దానికి ఆధారం కళ్ల ముందే ఉంది. ఏముండేదో తెలియని చోట మాత్రం ఊహతో చెయ్యొద్దు, ఖాళీగా నున్నగా వదిలెయ్యండి. కట్టడాల పరిరక్షణకి అంతర్జాతీయ నియమావళి అయిన 1964 నాటి వెనిస్ చార్టర్ కూడా ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలనే అంటుంది. ఈ పనిలో కష్టం ఎక్కడంటే, చెయ్యగల మేస్త్రి చేతిలో తాపీ ఉంటుంది, చూసే పెద్దమనిషి "నిండుగా చేసెయ్యండి, బాగుంటుంది" అంటాడు, అప్పుడు వద్దు అని చెప్పాల్సింది మనమే.

9. మొక్కలు, పావురాలు, నల్ల మరకలు

రావి మొక్కని పట్టుకుని లాగొద్దు, వేరుతో పాటు రాళ్లు కదిలి వస్తాయి. మొదట్లో కోసి, మోడుకి మందు పూసి, పూర్తిగా చచ్చాక వేరు తీసి ఆ ఖాళీని సున్నపు గ్రౌట్‌తో నింపాలి. అరచెయ్యంత ఉన్నప్పుడే తీసేస్తే ఇవేవీ అక్కర్లేదు.

పావురాల రెట్ట ఎండినది ఊడ్చేటప్పుడు తడిపి తియ్యండి, మాస్క్ లేకుండా వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. నల్ల మరకల్లో చాలావరకు వాహనాల పొగ వల్ల వచ్చినవి, పొగలోని గంధకం సున్నంతో కలిసి జిప్సం అయి మసిని పట్టుకుంటుంది. మెత్తటి బ్రష్, నీళ్లు, అవసరమైతే తడి కాగితపు గుజ్జు పట్టీ వేసి మరకని లాగించడం, అంతవరకే. యాసిడ్ వాష్, ప్రెషర్ జెట్, ఇసుక కొట్టడం, ఈ మూడూ పైనున్న మెరుగు పొరని శాశ్వతంగా తీసుకుపోతాయి.

10. చుట్టూ ఉన్న జనం

జనానికి ప్రాణమైన కట్టడం మీద పనిచేస్తుంటే మీరు రోజూ జవాబు చెప్పాల్సిన వాళ్లు వందల మంది. చార్మినార్ చుట్టూ బతికే చిరువ్యాపారులు, పక్కన నమాజుకి వచ్చేవాళ్లు, రంజాన్ నెల రాత్రుళ్లు వచ్చే జనసముద్రం, వీళ్ల టైం చూసుకుని పరంజా ప్లాన్ చెయ్యాలి. పరంజా కింద వల, నడిచే దారికి పైకప్పు, రాత్రి లైటు ఉండాల్సిందే. ఏం చేస్తున్నామో, ఎప్పటికి అవుతుందో తెలుగు, ఉర్దూల్లో ఒక బోర్డు పెట్టండి. పని మధ్యలో గోడ అతుకుల బొంతలా కనిపించే దశ ఒకటి వస్తుంది, అప్పుడు ఫొటోలు తీసి "పాడు చేసేశారు" అంటారు. కోపం తెచ్చుకోకుండా ఒక పెద్దాయన్ని పరంజా దగ్గరికి తీసుకెళ్లి, పాత గచ్చు ముక్క ఒక చేతిలో సిమెంట్ ముక్క ఒక చేతిలో పెట్టి చూపించండి, మర్నాటి నుంచి మీ తరఫున ఆయనే మాట్లాడతాడు.

మేస్త్రుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. సున్నం పని తెలిసిన మేస్త్రులు తగ్గిపోతున్నారు, ఉన్నవాళ్లకి అపార్ట్‌మెంట్ ప్లాస్టరింగ్ రేటుకే కూలి ఇస్తే పిల్లలెవరూ ఈ పనిలోకి రారు. ఎస్టిమేట్ వేసేటప్పుడే వాళ్ల కూలి వేరుగా, గౌరవంగా వెయ్యండి, ప్రతి మేస్త్రి కింద ఒక కుర్రాడు నేర్చుకునేలా చూడండి, రిపోర్ట్‌లో వాళ్ల పేర్లు రాయండి.

ఈ పని నేర్చుకోవాలంటే

ఆర్కిటెక్చర్ చదివినవాళ్లకి ఢిల్లీ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) లాంటి చోట కన్జర్వేషన్‌లో పీజీ ఉంది. కెమిస్ట్రీ వాళ్లకి లక్నోలోని ఎన్ఆర్ఎల్‌సీ (కన్జర్వేషన్ జాతీయ ప్రయోగశాల) వైపు ట్రైనింగులు ఉంటాయి, ఏఎస్ఐలో సైన్స్ బ్రాంచ్ కూడా ఉంది. చదువు ఏదైనా ఒక ఆరు నెలలు సున్నపు మేస్త్రి దగ్గర తట్ట మోసి, జల్లెడ పట్టి, తాపీ పట్టండి. చార్మినార్ మినార్ ఒక్కోదానికి 149 మెట్లు, ఆ మెట్ల మీదుగా తడి సున్నం పైకి చేరేసరికి ఎంత గట్టిపడుతుందో చూస్తే గానీ మిశ్రమంలో నీళ్లు ఎన్ని ఉండాలో అర్థం కాదు.

11. పని అయ్యాక

పరంజా విప్పే ముందు ఆఖరి రౌండ్ ఫొటోలు, మళ్లీ అదే చోట్ల నుంచి. ఏ గోడకి ఏ తేదీన ఏ మిశ్రమం, ఏ మేస్త్రి, ఇసుక ఎక్కడిది, అన్నీ ఒక రిజిస్టర్‌లో రాసి ఒక కాపీ కట్టడం చూసుకునే ఆఫీసులో, ఒకటి మీ దగ్గర ఉంచండి. కొత్తగా పెట్టిన గచ్చు పాతదాని కంటే కొద్దిగా లేత రంగులో ఉంటే కంగారు పడి రంగు కలపొద్దు, దగ్గరికి వెళ్లి చూసేవాడికి ఏది కొత్తదో తెలియడమే మంచిది, దూరానికి కలిసిపోతే చాలు.

ఆ తర్వాత ఏడాదికి రెండు రౌండ్లు. మే నెలాఖర్లో, వానలకి ముందు: తూములు శుభ్రం, డాబా పగుళ్లు, పిట్టగోడ మూలలు, పిడుగు నుంచి కాపాడే కండక్టర్ వైరు తెగిందేమో. అక్టోబర్‌లో, వానల తర్వాత: మొలిచిన మొక్కలు, కొత్త చెమ్మ మరకలు, గాజు పట్టీలు, ఎత్తులో ఉన్న అలంకారాలు మళ్లీ తట్టి చూడటం. రెండు రౌండ్లకీ ఒక మనిషి పేరు, ఒక చిన్న బడ్జెట్ ముందే రాసి ఉంచండి, కాంట్రాక్ట్ ముగిసే రోజునే సంతకం పెట్టించుకోండి, తర్వాత అడిగితే ఫైలు కదలదు.